బందిపోట్లకు బారసాల

కౌబాయ్ కథలు వ్రాసే కుర్రవాళ్ళు ఇంకా ఉన్నారంటే మీరు నమ్మరు గాని, మా కాలేజీలోనే ముగ్గురున్నారు. అమెరికా మొహం చూసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు. గుర్రం ఎక్కినవాడూ లేడు. అయినా వాళ్ళ కథల్లో దుమ్ము రేగుతుంది, తుపాకులు పేలుతాయి, నడిచే రైళ్ళు నడిమధ్య ఆగిపోతాయి. నేను తెలుగు చెప్పేవాణ్ణి గనుక తప్పులు దిద్దమని తెచ్చి ఇస్తారు. నాకూ చిన్నప్పటినుంచి ఆ రకం కథలంటే చెవికోసుకునే అలవాటుంది గనుక కాదనలేను. తెలుగు పంతులుకు ఇదేం సరదా అని మా స్టాఫ్ రూములో కొందరు ముసిముసిగా నవ్వుతారు. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ సినిమాకు రచన చేసినది ఆరుద్రగారు. సమగ్రాంధ్ర సాహిత్యాన్ని సంపుటాలు సంపుటాలుగా వ్రాసిన చెయ్యే ఆ గుర్రాల కథా వ్రాసింది. ఆయనకు లేని నామోషీ నాకెందుకు చెప్పండి?

ఈ ముగ్గురికీ కథ నడపడం వచ్చు. కాని ముగ్గురూ ఒక్కచోటే బోర్లా పడతారు. దొంగల ముఠాకు పేరు పెట్టాలి. రక్తపిశాచులట, మృత్యుఘంటికలట, కపాలదళమట! చదివితే భయం వెయ్యదు సరికదా, దసరా పందిట్లో నాటకం వేసే సమాజాలు జ్ఞాపకం వస్తాయి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఈ పేర్లన్నీ ముఠావాళ్ళు తమకు తామే పెట్టుకున్నట్లు ఉంటాయి. దోపిడీకి వెళ్ళేవాడికి పేరుతో ఏం పని? పేరంటూ ఉంటే పట్టుబడడానికి ఒక ఆనవాలు ఉన్నట్టే కదా. ఆనాటి అమెరికా పడమటి సీమలో ముఠాల పేర్లు చాలావరకు పత్రికలవాళ్ళు, షెరీఫులు, దోపిడీకి గురైన ఊళ్ళవాళ్ళు పెట్టినవి. వాళ్ళకు అలంకారశాస్త్రంతో పనిలేదు. ఎవరివాళ్ళు, ఎక్కడివాళ్ళు, ఏం చేసేవాళ్ళు, ఇంతే కావాలి. జెస్సీ జేమ్స్, అతని అన్న ఫ్రాంక్, యంగర్ సోదరులు కలిసి 1866 నుంచి పదేళ్ళపాటు బ్యాంకులూ రైళ్ళూ దోచారు. ఆ ముఠా పేరు ‘జేమ్స్-యంగర్ ముఠా’. రెండు ఇంటిపేర్లు, మధ్య ఒక గీత. మన ఊళ్ళో బియ్యం కొట్టుకు పెట్టినా అంతకంటె కాస్త సొగసైన పేరే పెడతారు.

డాల్టన్‌ల సంగతీ అంతే. ఇంటిపేరుతో పిలవడంలో తెలుగువాడికి ఒక ఇబ్బంది ఉందండోయ్. ‘డాల్టన్‌వారు’ అన్నామా, శుభలేఖలో పేరులా మర్యాదగా వినిపిస్తుంది. ‘డాల్టన్‌గాళ్ళు’ అంటే ఆ ఊళ్ళో వాళ్ళకు అప్పిచ్చినవాడు తిడుతున్నట్టు ఉంటుంది. నన్నడిగితే, కథలో బ్యాంకు గుమాస్తా మొదట ‘వారు’ అని, తుపాకి చూశాక నోట మాట రాక, వాళ్ళు వెళ్ళిపోయాక ‘గాళ్ళు’ అంటే సరిగ్గా సరిపోతుంది. ఈ సౌకర్యం ఇంగ్లీషులో వ్రాసేవాడికి లేదు.

డాల్టన్ అన్న ఇంటిపేరులో ఇంకో చిత్రం ఉంది. ఆ అన్నదమ్ములలో ఫ్రాంక్ డాల్టన్ అనే ఆయన ప్రభుత్వ డిప్యూటీ మార్షల్‌గా పనిచేస్తూ 1887లో నేరస్థులను పట్టుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. గ్రాట్, బాబ్ అనే తమ్ముళ్ళు కూడా మొదట చట్టం వైపు ఉద్యోగాలే చేశారు. తరువాత అటునుంచి ఇటు దాటారు. వాళ్ళ తల్లి పుట్టింటిపేరు యంగర్. అంటే పై ముఠాలోని యంగర్లకు ఆవిడ మేనత్త. 1892 అక్టోబరు 5న కాన్సస్‌లోని కాఫీవిల్ అనే ఊళ్ళో ఒకేసారి రెండు బ్యాంకులు దోచి జెస్సీ జేమ్స్‌ను మించాలని బయలుదేరారు. లోగడ వాళ్ళు మసలిన ఊరే. ఎవరో ఆనవాలు పట్టారు. ఇనప సామాన్ల కొట్లవాళ్ళు తుపాకులు పంచిపెట్టారు. కొద్ది నిమిషాల్లో నలుగురు దొంగలు, నలుగురు ఊరివాళ్ళు చచ్చిపోయారు. ఎమ్మెట్ డాల్టన్ ఒక్కడే ఒంటినిండా గాయాలతో బ్రతికి, జైలుకు వెళ్ళి, 1907లో విడుదలై, కాలిఫోర్నియా చేరి తమ కథ తానే పుస్తకంగా వ్రాసుకున్నాడు. ముఠాకు ఇంటిపేరు పెట్టే రచయిత ఇలాంటి ఇల్లొకటి వెనక కట్టుకోవాలి. డ్యూటీలో చచ్చిపోయిన అన్న ఒకడుంటే, తమ్ముడు తుపాకి ఎత్తిన ప్రతిసారీ ఆ ఇంటిపేరు ఇంకోలా వినిపిస్తుంది.

ఊరిపేరు, చోటుపేరు పెట్టడం మరో పద్ధతి. వ్యోమింగ్‌లో బిగ్ హార్న్ కొండల పక్కన మైళ్ళ పొడుగునా గోడలాగా నిలిచిన ఎర్రరాతి చరియ ఉంది. అందులో ఒకచోట నిటారుగా ఎక్కే సందు. దొంగిలించిన పశువులను ఆ సందులోంచి పైకి తోలి, పైన నలుగురు తుపాకులు పట్టుకు కూర్చుంటే కింద వచ్చేవాళ్ళను ఆపవచ్చు. దానిపేరు హోల్ ఇన్ ది వాల్. అక్కడ తలదాచుకున్నవాళ్ళు ఒక్క ముఠావాళ్ళు కూడా కాదు. ఎవరి గుడిసెలు వాళ్ళవి, ఎవరి నాయకుడు వాళ్ళకి. బయటివాళ్ళు మాత్రం అందరినీ కట్టగట్టి ‘హోల్ ఇన్ ది వాల్ ముఠా’ అన్నారు.

దీన్ని మా కుర్రవాడొకడు ‘గోడకన్నం ముఠా’ అని తెనిగించాడు. మాటకు మాట సరిగానే ఉంది. కాని తెలుగులో గోడకు కన్నం అనగానే ఏం తోస్తుంది? ఒంటికి నూనె రాసుకుని, అమావాస్యనాడు కన్నపుకత్తితో పెరటిగోడ దగ్గర కూర్చున్న దొంగ తోస్తాడు. వాడి సంప్రదాయం వేరు, వాడి శాస్త్రం వేరు. ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేసేముందు ఏ ఆకారంలో వేస్తే బాగుంటుందని తర్కించుకుని, చివరకు పూర్ణకుంభం ఆకారం ఖాయం చేసుకుంటాడు. అంత నిదానం ఉన్నవాణ్ణి గుర్రమెక్కించి రైలు వెంట తరిమితే ఎలా? అందుకని చోటుపేరు అయినప్పుడు అనువదించకుండా ఉంచెయ్యడమే మేలు. లేకపోతే ‘ఎర్రచరియవాళ్ళు’ అనండి. కొండ కనిపిస్తుంది, కన్నం కనిపించదు.

అక్కడ తిరిగిన వారిలో బుచ్ కాసిడీ ఒకడు. అతని అసలు పేరు రాబర్ట్ లెరాయ్ పార్కర్. చిన్నతనంలో పశువుల పని నేర్పిన మైక్ కాసిడీ అనేవాడి పేరు తగిలించుకున్నాడు. కొన్నాళ్ళు మాంసం కొట్లో పనిచేశాడు గనుక ‘బుచ్’ వచ్చింది. అతని స్నేహితుడు హారీ లాంగబా. సన్‌డాన్స్ అనే ఊరి జైల్లో గుర్రం దొంగతనానికి శిక్ష అనుభవించాడు గనుక ‘సన్‌డాన్స్ కిడ్’ అయ్యాడు. మన రాజమండ్రి జైలుకు పోయివచ్చినవాణ్ణి ‘రాజమండ్రి అబ్బాయి’ అన్నట్లన్నమాట! వీళ్ళ ముఠాకు ‘వైల్డ్ బంచ్’ అని పేరు. ఆ పేరు అంతకుముందే ఓక్లహోమాలో డూలిన్ అనేవాడి ముఠాకూ ఉంది. 1900లో వీళ్ళు అయిదుగురు ఫోర్ట్‌వర్త్‌లో సూట్లు, గుండ్రటోపీలు వేసుకుని ఫొటో తీయించుకున్నారు. చూస్తే పెళ్ళివారి తరఫున వచ్చిన బావమరదుల్లా ఉంటారు. ఆ ఫొటోయే పింకర్టన్ డిటెక్టివుల చేతికి చిక్కింది. 1969లో ‘వైల్డ్ బంచ్’ పేరుతో ఒక సినిమా, బుచ్ కాసిడీ కథతో ఇంకో సినిమా అమెరికాలో విడుదలైనాయి. ఈ రెండో దాంట్లో వేసిన పాల్ న్యూమన్ 1988లో జబ్బుపడిన పిల్లలు ఉచితంగా ఆడుకుని వెళ్ళేందుకు కనెక్టికట్‌లో ఒక శిబిరం పెట్టి, దానికి ‘హోల్ ఇన్ ది వాల్ ముఠా శిబిరం’ అని పేరు పెట్టాడు. దొంగల పేరు అంత మంచి చోటికి చేరుతుందని ఏ షెరీఫు అనుకుని ఉంటాడు?

‘వైల్డ్ బంచ్’ తెలుగు చెయ్యాలంటే తంటాయే. ‘బృందం’ అంటే భజన, ‘జట్టు’ అంటే క్రికెట్టు, ‘సంఘం’ అంటే చందా. ‘దండు’ అంటే వెనక ఏనుగులు వస్తాయి. నా చెవికి ‘మూక’ నచ్చుతుంది. ‘మొండిమూక’ అని చూడండి, పత్రికవాడు చిరాకుగా వ్రాసినట్లు ఉంటుంది. ‘ముఠా’ ఎప్పుడూ పనికివస్తుంది గాని, వాడివాడి అరిగిపోయింది.

చేసే పనిని బట్టి వచ్చిన పేర్లలో నాకిష్టమైనది ‘సబ్బు ముఠా’. జెఫర్సన్ స్మిత్ అనేవాడు డెన్వర్ వీధుల్లో సబ్బుబిళ్ళలు అమ్మేవాడు. జనం చూస్తుండగా కొన్ని బిళ్ళలకు డాలరు నోట్లు చుట్టి, పైన కాగితం చుట్టి, కుప్పలో కలిపేవాడు. ఎవరి అదృష్టం వాళ్ళది, బిళ్ళ ఇంత అనేవాడు. నోటు దొరికి గంతులు వేసేవాడు ఎప్పుడూ వాడి మనిషే! జనానికి మిగిలేది సబ్బు. ఆ ‘సబ్బు స్మిత్’ చివరకు అలాస్కా చేరి అక్కడ బంగారానికి వచ్చినవాళ్ళను ముంచి, 1898 జులై 8న స్కాగ్వే రేవులో తుపాకి దెబ్బలకు చచ్చిపోయాడు. చేతికి నెత్తురంటకముందే చెడిపోయినవాళ్ళ ముఠాకు ఇంతకంటె పేరేం కావాలి?

‘కౌబాయ్’ అన్న మాటే ఒకప్పుడు ముఠా పేరు. 1881 నాటికి అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ప్రాంతంలో ఆ మాటకు పశువుల దొంగ అని అర్థం. నిజాయితీగా మందలు కాసేవాడు ఆ పేరు తనకు అంటించుకునేవాడు కాదు. ఆ ఏడు డిసెంబరులో అధ్యక్షుడు ఆర్థర్ కాంగ్రెసుకు పంపిన సందేశంలో కూడా ‘కౌబాయ్‌ల’ దుండగాల ప్రస్తావన వచ్చింది. ఇప్పుడో, మా వీధిలో పిల్లవాడి పుట్టినరోజుకు కౌబాయ్ టోపీ కొంటున్నారు.

ఇక అన్నిటికంటె చల్లగా గుండెలో దిగే పేరు చెబుతాను. మోంటానాలో బానక్ అనే చోట 1862లో బంగారం పడింది. బంగారం తీసుకుపోయేవాళ్ళను దారికాచి దోచి చంపేవాళ్ళు కూడా పడ్డారు. ఆ దొంగలకు ‘నిర్దోషులు’ అని పేరు. ‘నేను నిర్దోషిని’ అన్నది వాళ్ళ సంకేతవాక్యమట. వాళ్ళ నాయకుడు ఎవరయ్యా అంటే, 1863లో ఆ ఊళ్ళో షెరీఫుగా ఎన్నికైన హెన్రీ ప్లమ్మరే అన్నారు. కొందరు పౌరులు రహస్యంగా జట్టుకట్టి, విచారణ లేకుండా 1864 జనవరి 10న ఆయన్ని ఉరితీశారు. ఆ నెలా రెండు నెలల్లో ఇరవైమందికి అటూ ఇటూగా ఉరికంబం ఎక్కించారు.

కపాలదళంవారు పదిమంది కలిసినా ‘నిర్దోషులు’ అన్న ఒక్కమాటకు సాటిరారు. పేరు ఎంత మెత్తనిదో పని అంత కఠినం. కాని నేను చెప్పదలచుకున్నది అది ఒక్కటే కాదు. ఆ పేరూ సంకేతవాక్యమూ మనకు ఎలా తెలిశాయి? డిమ్స్‌డేల్ అనే పత్రికా సంపాదకుడు 1866లో పుస్తకం వేశాడు. ఆయన ఉరితీసినవాళ్ళ పక్షం మనిషి. అలాంటి సువ్యవస్థితమైన ముఠా అసలు ఉన్నదా, ప్లమ్మర్ దానికి నాయకుడేనా అని తరువాతి చరిత్రకారులు కొందరు సందేహించారు. 1993లో మోంటానాలో ఆయన మీద ఉత్తుత్తి విచారణ ఒకటి జరిపితే జ్యూరీ ఆరుగురు అటు, ఆరుగురు ఇటు అయి తీర్పే రాలేదు. ఒకవేళ ముఠా లేకపోతే, ఎవడో మెడకు తాడు పడుతుండగా ‘నేను నిర్దోషిని’ అన్న ఆఖరిమాటనే దొంగల సంకేతవాక్యంగా వ్రాసేశారేమోనని నాకు రాత్రిళ్ళు తోస్తుంటుంది. ఇది నా ఊహే లెండి, ఋజువు లేదు. కాని కథ వ్రాసేవాడికి ఇంతకంటె మంచి బీజం నేను ఇవ్వలేను.

ఈ ముగ్గురు రచయితల్లో రెండోవాడు తన ముఠాకు ‘అపాచీ ముఠా’ అని పెట్టాడు. ఇది మార్చవయ్యా అన్నాను.

“ముఠాలో అందరూ తెల్లవాళ్ళే మాస్టారూ! ఊరికే భయానికి పెట్టాను.”

“అయితే మరీ అన్యాయం కదుటోయ్! దోచేది తెల్లవాళ్ళు, పేరు పోయేది అపాచీలదీనా?”

“వంద సినిమాల్లో ఉంది కదండీ!”

వాడన్నదీ నిజమే. సినిమాలే కాదు, 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో పారిస్ పత్రికలు అక్కడి వీధిరౌడీ ముఠాలను ‘అపాష్‌లు’ అని పిలిచాయి. ఆ రౌడీలకూ అరిజోనాకూ ఏ సంబంధమూ లేదు. భయం పుట్టించే పేరు కావలసివచ్చింది, దూరదేశంలో ఒక జాతి పేరు దొరికింది. ఆ జాతివారు తమను పిలుచుకునే మాట వేరు. దాని అర్థం ‘మనుషులు’ అని మాత్రమే. అపాచీ అన్నది బయటివాళ్ళు పెట్టినది. వారి పోరాటయోధుడు జెరోనిమో 1886లో లొంగిపోయి, 1909లో ఖైదీగానే చచ్చిపోయాడు. వారు చరిత్రలో కలిసిపోయినవారు కారు. అరిజోనాలో, న్యూమెక్సికోలో, ఓక్లహోమాలో ఈనాటికీ ఉన్నారు. వాళ్ళ పిల్లలు బడికి వెళ్తున్నారు.

అమెరికా సంగతి మనకెందుకనుకునేవారికి మన సంగతే చెబుతాను. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం అని ఒకటి చేసింది. తరువాత దాన్ని మద్రాసు రాజధానికీ విస్తరించింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల పేర్లు కాగితంమీద వ్రాసి గెజెట్‌లో అచ్చువేశారు. ఆ జాబితాలోకి ఎక్కినవారిలో ఎరుకలవారూ ఉన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లా వారికోసం కట్టిన సెటిల్‌మెంటు. స్టూవర్టు ఒక ఇంగ్లీషు అధికారి. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని ఊరిపేరు దొంగకు పర్యాయపదమై సినిమాల పేర్లలోకి ఎక్కింది. “మీ ఊరేదమ్మా” అంటే “బాపట్ల దగ్గరండీ” అని, ఆ పైమాట మింగేసిన విద్యార్థినిని నేను క్లాసులో చూశాను. ఆ పిల్ల మింగినది రచయితలు పెట్టిన పేరే.

ఇదంతా మా కుర్రవాడికి చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

జాతిపేర్లు లేకుండా పేరుకు కరువా అంటే ఏమీ లేదు. ఆ సీమలో పశువులకు వేసే వాతలకే ఒక భాష ఉంది. అక్షరాన్ని పక్కకు పడుకోబెట్టి వేస్తే ‘సోమరి’ అంటారు; కింద ఊయలలాంటి వంపు గీస్తే ‘ఊగే’ అంటారు; రెక్కలు తగిలిస్తే ‘ఎగిరే’ అంటారు. అమెరికా సుప్రీంకోర్టుకు 1981లో తొలి మహిళా న్యాయమూర్తి అయిన సాండ్రా డే ఓకానర్ పెరిగిన పశువుల క్షేత్రం పేరు ‘సోమరి బీ’. పశువుల దొంగల పనితనమంతా ఒకరి వాతమీద ఇంకో గీత గీసి మరో వాతగా మార్చడంలో ఉంటుంది. కనుక మీ కథలో ఒక ఇంటివారి వాత ‘సోమరి టీ’ అనుకోండి. దొంగలు దానికి రెక్కలు గీసి ‘ఎగిరే టీ’ చేశారు. ఊరివాళ్ళు వాళ్ళను ‘రెక్కలవాళ్ళు’ అన్నారు. చూశారా, భయపెట్టే మాట ఒక్కటీ లేదు. పేరు వెనక దొంగతనం మొత్తం ఉంది. పైగా ఏ పేజీలో ఏ ఆవు తొడమీద ఆ గుర్తు కనిపించినా పాఠకుడు ఉలిక్కిపడతాడు.

పేరు సంగతి చెబుతూ ఒకరిని మరచిపోకూడదు. 1876 సెప్టెంబరు 7న జేమ్స్-యంగర్ ముఠా మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ బ్యాంకు మీద పడింది. అల్మారా తెరవమని తుపాకి పెట్టి అడిగితే తెరవనన్నాడు జోసెఫ్ లీ హేవుడ్. బ్యాంకులో లెక్కలు చూసే మనిషి. ఆ ఊరి కార్లటన్ కాలేజీకి కోశాధికారి కూడా. పోతూపోతూ ఆయన్ని కాల్చిచంపారు. వాళ్ళకు దక్కినది ముప్ఫై డాలర్లు కూడా లేదు. ఊరివాళ్ళు తిరగబడి ఇద్దరిని వీధిలోనే కూల్చారు. యంగర్ సోదరులు ముగ్గురూ రెండు వారాల్లో పట్టుబడ్డారు. జేమ్స్ అన్నదమ్ములు తప్పించుకున్నారు. ఆ ఊళ్ళో ఏటా సెప్టెంబరులో ఉత్సవం చేస్తారు. దానిపేరు ‘జెస్సీ జేమ్స్ ఓటమి దినాలు’. ఓడినవాడి పేరే పందిరిమీద ఎక్కింది. కాఫీవిల్‌లో మాత్రం అక్టోబరులో జరిపే పండుగకు ‘డాల్టన్‌లను ఎదిరించినవారి దినాలు’ అని పెట్టుకున్నారు. నార్త్‌ఫీల్డ్‌వారు కూడా ఆ రోజుల్లో హేవుడ్ సమాధి దగ్గరకు వెళ్ళి నివాళి అర్పిస్తారు. ఆయన చనిపోయేనాటికి ఇంట్లో భార్య, చిన్న కూతురు ఉన్నారు.